గాలికి కిరాయి కట్టని లీలమ్మ

లీలమ్మకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు. ఈ సంగతి ఆమె భర్త సామ్యూల్‌కు పెళ్ళైన రెండో ఏడే తెలిసింది. పెళ్ళిపందిట్లో పెద్దాడబిడ్డ ఆమె రంగు గురించి ఒక మాట అన్నది. ఆ ఒక్క మాటకు లీలమ్మ ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. పిలిస్తే వెళ్తుంది, నవ్వుతూ మాట్లాడుతుంది, పిల్లల్ని ఎత్తుకుంటుంది. గ్లాసు చేతికిస్తే మాత్రం పక్కన పెడుతుంది. సామ్యూల్ నీళ్ళ బోర్డులో పంపు ఆపరేటరు. రోజంతా ఊరికి నీళ్ళు వదిలే మనిషి, తన అక్క ఇంట్లో తన భార్య చేత గుక్కెడు నీళ్ళు తాగించలేకపోయాడు.

అలాంటి లీలమ్మ జోలికి నగేష్ సేఠ్ వెళ్ళాడు.

లాడ్ బజార్ వెనక గల్లీలో నగేష్‌కు గాజుల దుకాణం ఉంది. లీలమ్మ అందులో పదకొండేళ్ళు పనిచేసింది. అమ్మే పని కాదు, కట్టే పని. వెనక గదిలో గోనెపట్టా పరుచుకుని కూర్చుని, నాందేడుకు, గుల్బర్గాకు, సంగారెడ్డికి, నారాయణఖేడ్‌కు పోయే గాజులను ఎండుగడ్డి, పాత పేపర్లు పెట్టి కట్టేది. పెట్టె మీద చిరునామా కూడా తానే రాసేది. చదువు ఏడో తరగతితో ఆగినా అక్షరాలు గుండ్రంగా, ఎవరైనా చదవగలిగేలా ఉండేవి. రెండు-నాలుగో, రెండు-ఆరో, రెండు-ఎనిమిదో గాజు సైజును వేలు పెట్టి చూసి చెప్పేది. ఆమె కట్టిన పెట్టె బస్సు మీద నుంచి కింద పడినా లోపల గాజు చిట్లేది కాదు. ఊళ్ళ నుంచి వ్యాపారులు ఫోన్ చేసి మరీ ఆ మాట చెప్పేవారు. సేఠ్ నోట మాత్రం ఆమె ఆ మాట ఎన్నడూ వినలేదు.

కరోనా తగ్గాక నగేష్ బావమరిది అంజన్ దుకాణంలో అడుగుపెట్టాడు. ఒక కంప్యూటరు తెచ్చి దుకాణం పేరుతో ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టాడు. పేరు అచ్చువేయించి ఎర్రటి అట్టపెట్టెలు వేలకొద్దీ చేయించాడు. అన్నీ ఒకే సైజు. జత గాజులకూ అదే పెట్టె, ఆరు డజన్లకూ అదే పెట్టె. మిగిలిన జాగాను బుడగల కవరుతో నింపమన్నాడు. కవరు ఖర్చు పెరిగేసరికి ఒక్క చుట్టు చాలన్నాడు.

"అంజన్ సాబ్, డబ్బాల గాలి ఎక్కువైతున్నది. లోపట గాజులు ఆడుతున్నయి. చిన్న డబ్బాలు చేపిద్దాం" అని లీలమ్మ ఒకసారి కాదు, పదిసార్లు చెప్పింది.

"పెద్ద డబ్బా జూస్తే కస్టమర్ ఖుషీ అయితడు లీలమ్మా. నీకు గవన్నీ ఎర్కలేవు. నువ్వు టేపెయ్యి" అని అంజన్ నవ్వేవాడు.

చెబితే వినడు, చూపిస్తే వింటాడేమో అనుకుంది. దర్జీ దగ్గర గుడ్డపేలికలు ఏరుకొచ్చింది. పారేసిన అట్టముక్కలు కత్తిరించింది. చిన్న పెట్టె నమూనా ఒకటి ఇంట్లో చేసి చేతిసంచిలో పెట్టుకుని దుకాణానికి తెచ్చింది. కొంచెం తీరిక దొరికితే చూపిద్దామని రెండు రోజులు ఆగింది. అదే ఆమె కొంప ముంచింది.

ఆ రెండో రోజు మధ్యాహ్నం బెంగుళూరు నుంచి ఒక వీడియో వచ్చింది. అక్కడ ఒక పెళ్ళివారు అరవై సెట్ల లక్క గాజులు తెప్పించుకున్నారు. వచ్చినవాళ్ళకు పంచుదామని పెట్టెలు విప్పితే సగానికి సగం విరిగాయి. పెళ్ళికూతురి తల్లి ఎర్ర పెట్టెను కెమెరా ముందు బోర్లించి, ముక్కలు రాలుతుంటే దుకాణం పేరు చదివి వినిపించింది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో నగేష్ దుకాణం జనంతో కిటకిటలాడుతోంది. ఆ జనం మధ్యలోకి అతను లీలమ్మను పిలిచాడు.

"ఎంత కవర్ పెట్టినవ్?"

"ఒక్క చుట్టు సేఠ్. అంజన్ సాబ్ గంతే పెట్టుమన్నడు."

అంజన్ తల అడ్డంగా ఊపాడు. "నేనట్ల అనలేదు బావా. కవర్ రోల్స్ జల్ది అయిపోతున్నయి. ఎటు పోతున్నయో చూడున్రి."

నగేష్ ఆమె చేతిసంచి లాక్కుని గల్లా మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, తాళంచెవి, మందుబిళ్ళలు, వాటితో పాటు ఆ చిన్న పెట్టె నమూనా, గుడ్డపేలికలు, అట్టముక్కలు, టేపు చుట్ట పడ్డాయి. ఆ టేపు చుట్ట ఆమె తన డబ్బుతో కొన్నది. చెప్పబోయింది. ఎవరూ వినలేదు. గాజులు చూస్తున్న ఆడవాళ్ళు తమ పర్సులు దగ్గరికి లాక్కున్నారు. అంజన్ ఫోన్ తీసి ఆమెనూ, గల్లా మీద సామానునూ కలిపి ఫొటో కొట్టి, బజారు దుకాణదారులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఒక వాక్యం రాశాడు. ఈమెకు పని ఇచ్చే ముందు ఆలోచించుకోండి అని.

లీలమ్మ ఏడవలేదు. తన వస్తువులు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంది. మందుబిళ్ళ ఒకటి బల్ల కిందికి దొర్లితే వంగి తీసుకుంది. గడప దగ్గర ఆగి నగేష్ ముఖంలోకి ఒకసారి చూసింది.

"సేఠ్, ఇయ్యాల నా ఇజ్జత్ దీసినవ్. మర్చిపోకు. నేనైతే మర్చిపోను" అన్నది.

తరువాతి మూడు వారాల్లో ఆమె తొమ్మిది దుకాణాల మెట్లు ఎక్కింది. తొమ్మిది చోట్లా ఆ ఫొటో ఆమెకంటే ముందే వెళ్ళి కూర్చుంది. ఒక దుకాణంలో మంచిగానే మాట్లాడారు, కానీ మాట్లాడినంతసేపూ ఆమె సంచి వైపు చూశారు. ఆ రోజు ఉప్పుగూడలోని ఇంటి దాకా నడిచే వచ్చింది.

"ఇడిసిపెట్టు లీలా. నా జీతం ఉన్నది గదా. ప్రార్థన జేసుకో, మనసు తేలికైతది" అన్నాడు సామ్యూల్.

"చేస్తున్న. ఆయన నా ముంగట తలకాయ వంచాలె అని చేస్తున్న."

"గది ప్రార్థన గాదు."

"నాకు గదే వస్తున్నది."

మొదట ఆమెకు చెడ్డ ఆలోచనలే వచ్చాయి. దొంగ పేర్లతో వంద ఆర్డర్లు పెట్టి వంద తిప్పి పంపిస్తే? వాళ్ళ వాటా పైన అద్దెకుండే కీర్తిప్రియ బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది, ఫోన్ సంగతులన్నీ తెలిసిన మనిషి. లీలమ్మ ఆమెతో ఒక్క ఆర్డరు పెట్టించింది. మూడు రోజులకు ఎర్ర పెట్టె వచ్చింది. విప్పితే అడుగున ఒక మూల డజను గాజులు, అందులో రెండు చిట్లాయి. మిగిలిన పెట్టె అంతా ఖాళీ.

లీలమ్మ ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తిప్పి పంపాలన్న ఆలోచన అక్కడే పోయింది. మర్నాడు దాన్ని చంకలో పెట్టుకుని నయాపూల్ దగ్గర డానియేలు నడిపే కొరియర్ కౌంటరుకు వెళ్ళింది. డానియేలు వాళ్ళ చర్చి మనిషే, చిన్నప్పటి నుంచి ఆమెను అక్కా అని పిలుస్తాడు.

"డానియేలూ, దీనికి కిరాయి ఎంత?"

అతను కాంటా మీద పెట్టాడు. "బరువైతే నాలుగు వందల గ్రాములు. కానీ గట్ల లెక్క వెయ్యరక్కా. పొడుగు, ఎడల్పు, ఎత్తు గుణించి ఐదువేలతోని భాగారిస్తరు. బరువు ఎక్కువైతే బరువుకు, సైజు ఎక్కువైతే సైజుకు పైసలు." టేపు పట్టి కొలిచాడు. ముప్పై, ఇరవై ఐదు, పదిహేను సెంటీమీటర్లు. "రెండుంబావు కిలోలు. అరకిలో అరకిలో లెక్కన ఐదు పార్సెళ్ళ కిరాయి పడతది."

"లోపట ఉన్నది నాలుగు వందల గ్రాములే గదా?"

"మిగిలింది గాలక్కా. గాలికి కిరాయి కడుతున్నరు. కస్టమర్ వాపస్ పంపితే మళ్ళొక్కసారి కట్టాలె."

లీలమ్మ ఆ పెట్టెను మళ్ళీ చంకలో పెట్టుకుంది. నగేష్‌ను ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తెలిసిపోయింది. రాళ్ళు రువ్వనక్కర్లేదు, కేసు పెట్టనక్కర్లేదు. అతను గాలికి కడుతున్న డబ్బును తాను కట్టకపోతే చాలు. అవే గాజులు, అదే నాణ్యం, విరగకుండా, తక్కువ కిరాయితో అతని బేరగాళ్ళ ఇంటికి చేరితే చాలు.

గాజులు కావాలి. ఆమె శాలిబండలో ఉండే జహంగీర్ భాయ్ దగ్గరికి వెళ్ళింది. లక్క గాజులు చేసే కారీగరు ఆయన. ముప్పై ఏళ్ళుగా నగేష్ దుకాణానికి సరుకిచ్చేవాడు. పార్సెల్‌లో విరిగిన గాజులను నగేష్ ఆయన కూలీలోంచి కోస్తున్నాడు. లక్క సరిగా కాల్చలేదని నింద.

"నా చేతిల విరగని గాజు ఆయన డబ్బాల విరుగుతది. మరి తప్పు నాదెట్లయితది ఆపా?" అన్నాడాయన, బొగ్గుల పొయ్యి ముందు లక్క సాగదీస్తూ.

"నాకు ఇరవై డజన్లు ఇయ్యి భాయ్. నెల దినాల్ల ఒక్కటి విరిగినా నన్ను మళ్ళ గడప ఎక్కనియ్యకు."

ఆయన నలభై డజన్లు ఇచ్చాడు.

తరువాత కట్టే సామాను. ఇక్కడే లీలమ్మ అసలు మనిషి బయటికి వచ్చింది. టేపు, దారం తప్ప ఒక్క వస్తువు కొత్తది కొననని ఒట్టు పెట్టుకుంది. పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో తాన్లు చుట్టి వచ్చే అట్ట గొట్టాలు ఉంటాయి. బట్ట అయిపోగానే వాటిని మెట్ల పక్కన పడేస్తారు. అక్కడ మూటలు మోసే కైలాసం రోజూ ఒక కట్ట ఆమెకోసం దాచిపెట్టేవాడు. గొట్టాన్ని జానెడు ముక్కలుగా కోసి, దాని చుట్టూ గుడ్డపేలిక చుట్టి, గాజులను ఒకదాని పక్కన ఒకటి బిగుతుగా ఎక్కించి, అటూ ఇటూ దారంతో కట్టేసింది. ఇక గాజు కదలదు. ఆడేదే లేనప్పుడు విరిగేదేముంది? ఆ గొట్టం సరిగ్గా పట్టేంత సన్నటి పెట్టె చేసింది. ఇరవై రెండు, ఎనిమిది, ఎనిమిది. డానియేలు కొలిచి, లెక్కవేసి, తలెత్తి ఆమెను చూశాడు.

"అరకిలో లోపటే అక్కా. ఒక్క పార్సెల్ కిరాయి."

టేపు కూడా ఇష్టమొచ్చినట్టు చుట్టేది కాదు. మూత కలిసే చోట నిలువుగా ఒక పట్టీ, రెండు చివర్లా అడ్డంగా ఒక్కొక్కటి, అంతే. చిరునామాకు స్టిక్కర్లు లేవు. తెల్లకాగితం మీద తానే రాసి, తడవకుండా పైన టేపు అతికించేది. ఇంటికి వచ్చి పార్సెళ్ళు తీసుకుపోవడానికి కొరియరు వాళ్ళు వేరే డబ్బు తీసుకుంటారు కాబట్టి, వారానికి రెండు రోజులు అన్నీ కలిపి తానే కౌంటరుకు మోసుకెళ్ళేది. దగ్గరి ఊళ్ళకు తపాలా ఆఫీసు, దూరపు ఊళ్ళకు కొరియరు. ఏది చవకైతే అది.

పెట్టెలకు అట్ట ఎక్కడిదని కీర్తిప్రియ అడిగితే లీలమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి కీర్తిప్రియకు కొంచెం భయం వేసింది. నగేష్ దుకాణానికి వాపసు వచ్చిన ఎర్ర పెట్టెలు నలిగిపోయి పాతసామాను బండికి చేరుతున్నాయి. లీలమ్మ ఆ బండివాడి దగ్గర వాటినే కిలోల లెక్కన కొంటోంది. ఒక్కో ఎర్ర పెట్టెను విప్పి, తిరగేసి కత్తిరిస్తే మూడు సన్న పెట్టెలు వచ్చేవి. సేఠ్ పేరున్న వైపు లోపలికి మడిచేది. అట్ట కోస్తున్నప్పుడు కటరు సరిగ్గా ఆ పేరు మీదుగా పోయేలా గీత గీసుకునేది. అలా గీయాల్సిన అవసరం లేదు. అయినా గీసుకునేది.

ఇక బేరగాళ్ళు. పదకొండేళ్ళు చిరునామాలు రాసిన చెయ్యి అది. నగేష్ దగ్గర సరుకు కొనే చిల్లర దుకాణాల చిరునామాలు ముప్పై ఏడు ఆమెకు నోటికి వచ్చు. ముప్పై ఏడు పోస్టుకార్డులు కొనుక్కొచ్చి కూర్చుంది. సామ్యూల్ చూసి వద్దన్నాడు.

"అవి ఆయన బేరాలు లీలా. తప్పు."

"చిరునామాలు ఆయన నోట్లె లెవ్వు, నా చేతుల ఉన్నయి. చెయ్యి నాది."

కార్డులో నాలుగే మాటలు. మీకు పదకొండేళ్ళు గాజులు కట్టి పంపిన లీలమ్మను నేను. ఇప్పుడు నేనే పంపుతున్నాను. కిరాయి తక్కువ. విరిగితే నా ఖర్చుతో మళ్ళీ పంపుతాను. ఆ దస్తూరీ చూడగానే వాళ్ళు గుర్తుపట్టారు. మొదట నాందేడు దుకాణదారు ఫోన్ చేశాడు. తరువాత నారాయణఖేడ్. మూడు నెలల్లో పంతొమ్మిది మంది ఇటు తిరిగారు. ఒక్కో దుకాణం ఇటు తిరిగినప్పుడల్లా, అటు గల్లాలో ఒక సొరుగు ఖాళీ అయిన చప్పుడు లీలమ్మకు వినపడేది.

అంతటితో ఆగినా సరిపోయేది. ఆమె ఆగలేదు. ఒక ఆదివారం సాయంత్రం కీర్తిప్రియ చేతికి ఫోన్ ఇచ్చి, మెట్ల మీద నిలబడి తన సన్న పెట్టెను కింది దాకా విసిరింది. విప్పి చూపించింది. డజనుకు డజను బాగున్నాయి. తరువాత నగేష్ దుకాణం నుంచి కొత్తగా తెప్పించిన ఎర్ర పెట్టెను విప్పకుండానే, అతని పేరు కనపడేలా పట్టుకుని అదే మెట్ల మీద నుంచి విసిరింది. విప్పి బోర్లించింది. ముక్కలు జలజలా రాలాయి. ఆ వీడియోను, కీర్తిప్రియ ఫోన్‌లో తెరిచి నడుపుతున్న తమ గాజుల పేజీలో పెట్టించింది. వారంలో అది బజారంతా తిరిగింది.

తరువాతి సోమవారం ఆమె గడప ముందు సోనీ నిలబడి ఉంది. లీలమ్మ వెళ్ళాక నగేష్ ఆ వెనక గదిలో కూర్చోబెట్టిన మనిషి. ఇద్దరు పిల్లల తల్లి, మొగుడు ఆటో నడుపుతాడు.

"నీ వీడియో జూసి సేఠ్ నన్ను తీసేసిండు" అన్నది సోనీ. "డబ్బా నేను కట్టిననంట. నీకు ఆయన మీద పగుంటే ఆయన మీద తీర్చుకో. నా కడుపు మీద ఎందుకు కొట్టినవ్?"

విసిరిన పెట్టెను ఎవరో ఒకరు కట్టి ఉంటారని లీలమ్మకు తోచనే లేదు. తనను ఏ మాట అని వెళ్ళగొట్టారో అదే మాట ఈమెను అన్నారు, దానికి తానే దారి చూపింది. సోనీని లోపలికి పిలిచి నీళ్ళిచ్చింది. సోనీ తాగలేదు.

"రేపటి సంది నా దగ్గరికి రా. అక్కడి జీతం కంటే తక్కువ ఇయ్య."

"వస్త. పిల్లలకు ఫీజులున్నయి గాబట్టి వస్త. నువ్వు మంచిదానివని గాదు."

ఆ సాయంత్రం లీలమ్మ వీడియోను తీసేయించింది. అయితే అది అప్పటికే చేయాల్సిన పని చేసేసింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ లోలోపల సంతోషించింది.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నయాపూల్ కౌంటరు దగ్గర ఆమె నగేష్‌ను చూసింది. అంజన్ అప్పటికే దుకాణం వదిలి వెళ్ళిపోయాడు. సేఠ్ తానే ఆటోలో పదిహేడు ఎర్ర పెట్టెలు వేసుకొచ్చాడు. లీలమ్మ ముందు వరుసలో ఉంది. ఆమె రెండు సంచుల్లో నలభై రెండు సన్న పెట్టెలు. డానియేలు వాటిని చకచకా తూచి చీటీలు కొట్టాడు. ఆ తరువాత ఎర్ర పెట్టెలు కొలిచి మొత్తం చెప్పాడు.

"ఆమె నలభై రెంటికి పడ్డదానికి రెండింతలా? నావి పదిహేడే గదా!" అని నగేష్ అరిచాడు. "కాంటా ఖరాబైందా?"

"కాంటా మంచిగనే ఉన్నది సేఠ్. మీ డబ్బాలే పెద్దగున్నయి" అన్నాడు డానియేలు.

లీలమ్మ చీటీలు మడిచి బొడ్డులో దోపుకుంది. వెళ్ళిపోకుండా, అతను నోట్లు లెక్కపెట్టి ఇచ్చేదాకా అక్కడే నిలబడి చూసింది. అతను తలెత్తలేదు.

పది రోజుల తరువాత, ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి నగేష్ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. సామ్యూల్ కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. సేఠ్ చాయ్ తాగుతూ చాలాసేపు వర్షాల గురించి మాట్లాడాడు. చివరికి అసలు సంగతికి వచ్చాడు. ఆన్‌లైన్‌లో నష్టం వస్తోంది. నాందేడు పోయింది, గుల్బర్గా పోయింది. తన పార్సెళ్ళన్నీ లీలమ్మే కట్టి పంపితే, పెట్టెకింత అని ఇస్తాడు. గట్టి రేటే.

"అయిందేదో అయింది లీలమ్మా. అంజన్ మాట విని పొరపాటు జేసిన. మనసుల పెట్టుకోకు" అన్నాడు.

"గీ మాట ఇక్కడ చెప్తున్నవ్. నా సంచి ఇక్కడ బోర్లించినవా?"

"మరి ఏం జెయ్యమంటవ్?"

"నీ దుకాణంల, నలుగురి ముంగట చెప్పు. గదే గ్రూపుల రాయి. గది అయినంక పని సంగతి మాట్లాడుదాం."

నగేష్ సామ్యూల్ వైపు చూశాడు. సామ్యూల్ గోడ వైపు చూశాడు. చివరికి బుధవారం రమ్మని చెప్పి సేఠ్ లేచాడు.

బుధవారం నాలుగు గంటలకు లీలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని దుకాణానికి వెళ్ళింది. జహంగీర్ భాయ్‌ని వెంట తీసుకెళ్ళింది. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు ఐదారుగురు వచ్చి నిలబడ్డారు. గాజులు కొనుక్కునే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. నగేష్ గల్లా వెనక లేచి నిలబడ్డాడు. లీలమ్మ ఏమీ దొంగిలించలేదని, కవరు తక్కువ పెట్టమన్నది తమవాళ్ళేనని, జహంగీర్ గాజుల్లో లోపం లేదని చెప్పాడు. మధ్యలో ఒకసారి ఆగి ఆమె వైపు చూశాడు. లీలమ్మ సాయం చేయలేదు, చాలు అనలేదు. ఫోన్ తీసి గ్రూపులో అదే మాట రాస్తుంటే, రాసి పంపేదాకా ఎదురుగా నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళ ఫోన్లు ఒక్కొక్కటే మోగాయి.

"ఇగ చెప్పు, ఎప్పటి సంది మొదలువెడదాం?" అన్నాడు నగేష్ చెమట తుడుచుకుంటూ.

"నేను చెయ్య సేఠ్."

"అదేంది? చేస్త అన్నవ్ గదా!"

"మాట్లాడుదాం అన్న. మాట్లాడుతున్న. చెయ్య."

జహంగీర్ భాయ్ నేల చూపులు చూశాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. లీలమ్మ మెట్లు దిగి, పత్తర్‌గట్టి మీదుగా తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళింది.

సంగతి విన్న సామ్యూల్ తింటున్న కంచం పక్కన పెట్టాడు.

"గది మోసం లీలా. ఆయనకు ఆశ జూపించి చెప్పిచ్చుకున్నవ్."

"అవ్."

"నీకు మంచిగ అనిపిస్తున్నదా?"

"మస్తు మంచిగ అనిపిస్తున్నది" అన్నది ఆమె, అబద్ధం చెప్పలేక. సామ్యూల్ నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఐదో రోజు పనికి పోతూ, తలుపు పక్కన ఉన్న రెండు సంచుల పార్సెళ్ళను అడక్కుండానే స్కూటరు ముందు పెట్టుకుని నయాపూల్ దాకా తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ దీపావళికల్లా నగేష్ ఆన్‌లైన్ అమ్మకం మూసేశాడు. దుకాణం మాత్రం నడుస్తోంది, మునుపటంత కాదు. లీలమ్మ ఉప్పుగూడలోనే ఒక షట్టరు అద్దెకు తీసుకుంది. నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. అట్ట కోసే బల్ల దగ్గర సోనీ పెద్ద. గొట్టాన్ని ఇంకో రెండు వేళ్ళు తగ్గించి, అలాంటివి రెండు పక్కపక్కన పెట్టి అరకిలోలో డజనున్నర పట్టించవచ్చని కనిపెట్టింది ఆమే. అందుకు లీలమ్మ జీతం పెంచింది. సోనీ తీసుకుంది. ఇప్పటికీ ఆమెను అక్కా అని మాత్రం పిలవదు, మేడం అంటుంది.

అంజన్ ఇప్పుడు మొబైల్ కవర్లు, చార్జర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. కిరాయి ఖర్చులు భరించలేకపోతున్నానని, పెట్టెల సంగతి కొంచెం చెప్పమని పోయిన నెల లీలమ్మకు మెసేజ్ పెట్టాడు. వారం తరువాత ఇంకొకటి, ఈసారి లీలక్కా అని మొదలుపెట్టి. ఆమె రెండూ చదివింది. చదివినట్టు అతనికి తెలిసేలా తెరిచి చదివింది. జవాబు ఇంకా ఇవ్వలేదు.